గాబరా పడుతున్న పేషెంట్ దగ్గర నర్సు ఏం చేయాలి: వార్డులోకి వచ్చినప్పటి నుంచి షిఫ్ట్ మారేదాకా

"ఏం గాదు, బుగులు పడకు" అని నడుస్తూ నడుస్తూనే చెప్పేసి పక్క మంచానికి పోవడం మన వార్డుల్లో రోజూ జరిగేదే. ఆ మాట అన్నవాళ్లకు ఒక పని అయిపోయినట్టు ఉంటుంది. విన్నవాళ్ల గుండె దడ మాత్రం అట్లాగే ఉంటుంది, ఎందుకంటే ఆ మనిషికి దేని మీద భయమో మనం అడగనేలేదు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఆసుపత్రుల్లో కొత్తగా డ్యూటీలో చేరిన స్టాఫ్ నర్సులను, నర్సింగ్ చదువుతున్న పిల్లలను మనసులో పెట్టుకొని ఇది రాస్తున్నాను. వార్డు మొత్తానికి ఒక్కరే ఉన్న రోజున కూడా చేయగలిగే పనులే చెబుతాను.

మొదటి మెట్టు: అది భయమా, జబ్బా?

"గాబరాగా ఉంది" అన్న ప్రతి మాటనూ ముందు ఒంటి లక్షణంగా తీసుకోండి. ఓదార్పు తర్వాత. నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్ శాతం, జ్వరం, షుగర్ చూడండి. శ్వాసను నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. మణికట్టు వదలకుండా, నాడి చూస్తున్నట్టే ఉండి ఛాతీ కదలికను లెక్కపెడితే సరైన లెక్క వస్తుంది. శ్వాస లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరికైనా శ్వాస తీరు మారిపోతుంది.

కాన్పయిన తల్లి మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ "నాకేదో అయితుంది సిస్టర్" అంటే, ముందు ప్యాడ్ చూడండి. కడుపు మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిగా ఉందో మెత్తబడిందో చూడండి. రక్తం పోతున్నప్పుడు నాడి ముందు పెరుగుతుంది, బీపీ తర్వాత పడుతుంది. బీపీ బాగుంది కదా అని ధీమాగా ఉంటే అరగంట చేజారిపోతుంది.

రక్తం ఎక్కిస్తున్నప్పుడు, ముఖ్యంగా మొదటి పదిహేను నిమిషాల్లో, పేషెంట్ ఉన్నట్టుండి "పానం పోతున్నట్టుంది" అంటే నచ్చజెప్పుతూ నిలబడకండి. వెంటనే రక్తం ఆపండి, సెట్ మార్చి నార్మల్ సెలైన్‌తో లైన్ నిలిపి ఉంచండి, డాక్టర్‌ను పిలవండి, బ్యాగు మీద పేరు, గ్రూపు మళ్లీ సరిచూడండి. రక్తం సరిపడనప్పుడు కొందరిలో మొట్టమొదట కనిపించేది ఈ భయమే. పాము కాటుకు విషం విరుగుడు ఎక్కించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త: మందు పడకపోతే దద్దుర్లు, దురద, ఆయాసంతో పాటు ఇట్లాంటి కలవరం వస్తుంది. అప్పుడూ ముందు మందు ఆపాలి.

షుగర్ ఉన్న మనిషి చెమటలు పట్టి వణుకుతుంటే గ్లూకోమీటర్ తీయండి. 70 కంటే తక్కువ ఉండి, మనిషి సోయిలో ఉండి మింగగలిగితే, మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించి పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. వయసు మళ్లిన ఆడవాళ్లు, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లు, గుండెపోటు వచ్చినా ఒక్కోసారి ఛాతీ నొప్పి అని చెప్పరు. "గుండెల గాబరా అయితుంది, దమ్ము ఆడుత లేదు" అంటారు. అలాంటప్పుడు పది నిమిషాల్లో ఈసీజీ తీయించాలి. పురుగుల మందు తాగి వచ్చి, దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మీద ఉన్న పేషెంట్ దుప్పటి లాగుతూ, గాలిలో ఏదో పట్టుకుంటూ, ఒళ్లు కాలుతూ, నోరు ఎండిపోయి ఉంటే అది భయం కాదు. అట్రోపిన్ ఎక్కువైందేమోనని డాక్టర్‌కు చెప్పాలి.

ఇక కల్లు సంగతి. మన దగ్గర దీన్ని విడిగా చెప్పుకోవాలి. కాలు విరిగి ఆపరేషన్ కోసం చేరిన మనిషి మొదటి రోజు మంచిగా మాట్లాడతాడు. రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, సెలైన్ పీకేసుకుంటాడు. ఇంటివాళ్లు గాలి సోకిందంటారు, మనం భయపడ్డాడంటాం. అసలు సంగతి, రోజూ తాగే కల్లు ఒక్కసారిగా ఆగిపోవడం. సారా, బీరు అలవాటున్నవాళ్లకు తాగుడు ఆగినా ఇట్లాగే అవుతుంది. కల్లుతో అదనపు చిక్కు ఏమిటంటే, మన జిల్లాల్లో చాలాచోట్ల అమ్మే కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ అది తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే చేర్చుకునేటప్పుడే అడగండి, ఆడవాళ్లనూ అడగండి. "తాగుతావా?" అంటే "లేదు" అనే జవాబే వస్తుంది. "అవ్వా, రోజుకు ఎన్ని సీసాల కల్లు తాగుతవు? మొన్న ఎప్పుడు తాగినవు?" అంటే లెక్క చెబుతుంది. ఆ లెక్క కేస్ షీట్ మీద రాయండి, డాక్టర్‌కు నోటితో కూడా చెప్పండి. మందు మోతాదు ఎంతన్నది డాక్టర్ నిర్ణయం. వణుకు మొదలైన గంట, చెమట, నాడి, మాటల పొంతన గమనించి చెప్పడం మన పని.

రెండో మెట్టు: ఎదురుగా కూర్చోవడం

ఒంట్లో ప్రమాదం లేదని తేలాక స్టూలు లాక్కొని కూర్చోండి. కూర్చొని మాట్లాడే రెండు నిమిషాలు, నిలబడి మాట్లాడే పది నిమిషాల కంటే పేషెంట్‌కు ఎక్కువ అనిపిస్తాయి. మీ పేరు, ఈ పూట డ్యూటీ మీదేనన్న సంగతి, ఎన్ని గంటల దాకా ఉంటారో చెప్పండి. మూడూ పట్టుమని పది మాటలు కావు.

"ఆరో నంబర్ బెడ్డు", "ఓ ముసలామె" అని పిలవకండి. అవ్వ, తాత, పెద్దమ్మ, అన్న, అక్క, చెల్లె, వయసును బట్టి ఏదో ఒక వరుస నోటికి రావాలి. అయితే వరుస కలిపి "నువ్వు" అనడం అందరికీ నప్పదు. రిటైరైన బడి పంతులునో పెద్ద ఉద్యోగినో "సార్, మీరు" అంటేనే వాళ్లకు తృప్తి. ఒకటి రెండు మాటల్లో మనిషి తీరు తెలిసిపోతుంది. భుజం మీద చెయ్యి వేయడం చాలామందికి ధైర్యాన్నిస్తుంది, కానీ మగ పేషెంట్ ఆడ నర్సు, ఆడ పేషెంట్ మగ నర్సు అయినప్పుడు ముందు అడగడమే మేలు.

మూడో మెట్టు: అసలు రంది ఏమిటో తెలుసుకోవడం

ఇక్కడే తొందరపడొద్దు. రేపు ఆపరేషన్ ఉన్న ఒక పెద్దామెతో మాట ఇట్లా నడుస్తుంది:

"పెద్దమ్మా, ఆపరేషన్ అంటే అందరికీ ఇంత బుగులు ఉంటది. నీకు అన్నిటికంటే దేని మీద రంది ఉంది?"

"ఏం లేదు బిడ్డ."

మొదటి జవాబు ఎప్పుడూ ఇదే. లేచి పోవద్దు. బీపీ పట్టీ నిమ్మళంగా విప్పుతూ, మడతపెడుతూ ఊరుకోండి.

"నన్ను హైదరాబాద్ రాస్తరా బిడ్డ?"

"ఎందుకట్ల అనిపించింది?"

"మా మరిదికి గిట్లనే రేపు ఆపరేషన్ అన్నరు. రాత్రికి రాత్రి హైదరాబాద్ రాసిచ్చిన్రు. మళ్ల ఇంటికి రాలే."

ఆమె భయం కత్తి మీదా కాదు, మత్తు మీదా కాదు. "మత్తు ఇస్తరు, నొప్పి తెల్వదు" అని మనం గంట సేపు చెప్పినా అది ఆమెకు అక్కరకు రాని మాట. చెప్పాల్సింది ఇది: "నీ పరీక్షలన్నీ డాక్టర్ సార్ చూసిండు, ఇక్కడనే చేద్దమన్నడు. ఒకవేళ ఏదన్న మారితే నీకూ నీ కొడుకుకూ ముందుగాల చెప్తం. చెప్పకుంట ఎటూ పంపియ్యం." ఇందులో "అస్సలు పంపం" అన్న హామీ లేదు, చూశారా. మన చేతిలో లేనిదాన్ని ఒట్టు పెట్టి చెప్పకూడదు. అది తప్పితే తర్వాత మనం చెప్పే ఏ మాటనూ ఆమె నమ్మదు.

అడిగితే బయటపడేవి ఎన్నో ఉంటాయి. పత్తి ఏరే రోజుల్లో మంచాన పడితే కూలీలకు పైసలు ఎవరు కడతారన్న రంది. ముంబైకో పుణెకో పనికి పోయిన కొడుకు వచ్చేలోపు ఏమవుతుందోనన్న దిగులు. బర్రెకు గడ్డి ఎవరు వేస్తారని. ఆరోగ్యశ్రీ కింద వస్తుందా, చేతి నుంచి పెట్టాలా అని. పైసల ప్రశ్నకు మనమే ఊహించి జవాబు చెప్పకుండా, అదే పూట ఆరోగ్యమిత్రను, అంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే మనిషిని, మంచం దగ్గరికి పిలిపించండి. రేషన్ కార్డు జిరాక్స్ తెచ్చుకున్నారో లేదో చూడండి. నిద్ర గోలీ కంటే ఇది బాగా పనిచేసిన రాత్రులు మా వార్డులో చాలా ఉన్నాయి.

దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చే లంబాడీ అవ్వలకు, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల (గూడేల) నుంచి వచ్చేవాళ్లకు మన ఆసుపత్రి తెలుగు సగమే అందుతుంది. వాళ్ల మాట తెలిసిన తోటి ఉద్యోగి ఉంటే పిలవండి. వెంట వచ్చిన చిన్నపిల్లల చేత మాత్రం ఆడవాళ్ల జబ్బుల సంగతులు అడిగించకండి. చేతి నిండా గాజులు, కట్టిన తాయెత్తు సెలైన్ సూదికి అడ్డమైతే కత్తెర తీయొద్దు. ముందు రెండో చెయ్యి చూడండి. ఆపరేషన్‌కు తీయక తప్పదంటే, ఆమె చేతనే విప్పించి, పొట్లం కట్టి, ఆమె చూస్తుండగా ఇంటివాళ్ల చేతిలో పెట్టండి.

నాలుగో మెట్టు: దమ్మును దారిలో పెట్టడం

భయంతో శ్వాస వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానివల్ల మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు, తల తిరగడం, వేళ్లు కొంకర్లు పోవడం మొదలవుతాయి. అవి చూసి పేషెంట్‌కు పక్షవాతమేమోనని ఇంకా భయం. ఆ గొలుసును తెంపడానికి శ్వాస బయటికి వదలడాన్ని పొడిగించాలి.

"గట్టిగా దమ్ము పీల్చు" అనకండి. ముందే ఎక్కువ పీల్చుతున్న మనిషి ఆమె. "ఉన్న దమ్మంత మెల్లగ ఊదెయ్యి" అనండి. వేడి చాయ్ ఊదినట్టు పెదాలు సన్నగా చేసి ఊదమనండి. ముక్కుతో పీల్చేటప్పుడు మూడు, నోటితో వదిలేటప్పుడు ఆరు దాకా లెక్కపెట్టండి. ఆమె చెయ్యి ఆమె కడుపు మీదే పెట్టించండి. మీరూ ఆమెతో పాటు చేయండి. నాలుగైదు నిమిషాల్లో వేళ్ల తిమ్మిర్లు తగ్గుముఖం పడతాయి. ముఖానికి కాగితం సంచి పెట్టే పాత పద్ధతి మానేయండి. ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

లెక్క కుదరని వాళ్లుంటారు. వాళ్లను ఊరి దారి అడగండి. "దేవరకొండ బస్సు ఎక్కితే మీ ఊరికి ముందు ఏ ఊరొస్తది? దానికి ముందు? బస్సు దిగినంక ఎటు తిరగాలె?" ఒక్కో స్టేజీ గుర్తు తెచ్చుకుంటూ చెప్పేసరికి మనసు గుండె దడ మీద నుంచి పక్కకు మళ్లుతుంది. నాకు తెలిసి ఇంతకంటే సులువైన ఉపాయం లేదు, ఒక పక్క సెలైన్ మారుస్తూ కూడా అడగొచ్చు.

ఆపరేషన్ పొద్దున బీపీ ఎక్కువ వచ్చిందని వాయిదా పడే కేసుల్లో కొన్నింటికి కారణం ఈ గాబరానే. మూత్రానికి పోయి వచ్చాక, వీపుకు ఆనుకొని, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడించకుండా మళ్లీ చూడండి. రెండు లెక్కలూ రాసి డాక్టర్‌కు చూపించండి.

ఐదో మెట్టు: జరగబోయేది ముందే చెప్పడం

"నొప్పి రాదు" అనొద్దు, వస్తుంది కాబట్టి. "సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటది, పది లెక్కపెట్టే లోపల తగ్గుతది, సూది బయటికి తీస్తం, లోపల మెత్తటి గొట్టమే ఉంటది" అని చెప్పండి. లోపల సూది ఉండిపోయిందనుకొని రాత్రంతా చెయ్యి కదపకుండా పడుకునేవాళ్లు ఉన్నారు. రక్తం చూస్తే కళ్లు తిరిగే అలవాటుందా అని అడగండి. ఉంటే పడుకోబెట్టే గుచ్చండి, కాళ్ల కండరాలు బిగించి వదలమనండి.

వెన్నుకు మత్తు ఇస్తే కాళ్లు బరువెక్కి, తర్వాత తమవి కానట్టు ఉంటాయని, కొన్ని గంటలకు తిరిగి స్పర్శ వస్తుందని చెప్పకపోతే, థియేటర్ నుంచి వచ్చినవాళ్లు కాళ్లు పడిపోయాయని ఏడుస్తారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల విషయంలో ఇంకో సంగతి. కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నా, ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడ్ నీళ్లకు బిగుసుకుపోయిన వెన్ను వంగదు, మెడ తిరగదు. "వంగు, ఇంకా వంగు" అని నలుగురూ పట్టుకొని వంచబోతే ఆ నొప్పికి, భయానికి మనిషి కేకలు పెడతాడు. ముందు రోజే ఎంతవరకు వంగగలడో, వెల్లకిలా పడుకోగలడో, ఎన్ని దిండ్లు కావాలో మంచం మీదే చూసి, మత్తు డాక్టర్‌కు చెప్పండి. మెడ కింద, మోకాళ్ల కింద దిండ్లు థియేటర్‌కు వెంట పంపండి.

చెప్పిన తర్వాత "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. "ఇంటికి ఫోన్ చేస్తే రేపు ఏం చేస్తరని చెప్తవు?" అని అడిగితే ఎంత అందిందో తేలుతుంది.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో మెడికల్ కాలేజీలు వచ్చినప్పటి నుంచి రౌండ్స్‌లో మంచం చుట్టూ గుంపు పెరిగింది. పిల్లలు నేర్చుకోవాలి, తప్పదు. కానీ పది తెల్లకోట్లు ఇంగ్లీషులో మాట్లాడుకొని, ఒకరి ముఖం ఒకరు చూసుకొని పోయాక పేషెంట్‌కు మిగిలేది అనుమానమే. రౌండ్స్ ముగిశాక ఒక చుట్టు వెనక్కి తిరగండి. "సార్ ఏమన్నడంటే..." అని రెండు ముక్కలు చెప్పండి. కొత్త జబ్బు పేరు, చెడ్డ వార్త మాత్రం డాక్టర్ నోటి నుంచే రావాలి. అలాంటిది ఉంటే డాక్టర్‌నే మళ్లీ పిలవండి.

వెంట వచ్చినవాళ్లు

మన దగ్గర ఒక్కరు ఆసుపత్రిలో చేరితే ట్రాలీ ఆటోలో ఊరు సగం దిగుతుంది. వాళ్లు రావడం పేషెంట్‌కు బలమే, వాళ్ల మాటలే ఒక్కోసారి విషం. "మా ఊళ్ల ఒకాయనకు గిట్లనే అయి..." అని మొదలుపెట్టే చుట్టాన్ని గుర్తుపట్టి, మందుల చీటీ ఇచ్చి కిందికి పంపండి. కోపం లేకుండా ఆ పని అవుతుంది. పేషెంట్‌నే అడిగి ఒకరిని ఎంచండి, కబురు ఆ ఒక్కరికే చెప్పండి, మిగతావాళ్లకు ఆయనే చెప్పుకుంటాడు.

రాత్రి పూట

లైటు నేరుగా కళ్లలో పడకుండా చూడండి. మానిటర్ ఎందుకు మోగుతుందో ముందే చెప్పండి. ముసలివాళ్లకు కళ్లద్దాలు చేతికి అందేట్టు పెట్టండి. తెల్లవారుజామున లేచి ఎక్కడున్నానో తెలియక కంగారుపడేవాళ్లకు ఊరు, రోజు, ఆసుపత్రి పేరు చెప్పండి. పొద్దున బాగున్న ముసలాయన రాత్రికి తికమకగా మాట్లాడితే మొదటి మెట్టుకు వెళ్లండి: జ్వరం, ఆక్సిజన్, షుగర్, మూత్రం ఆగిపోవడం.

నిద్ర పట్టడం లేదు, గోలీ ఇవ్వమంటారు. డాక్టర్ రాయనిదే ఒక్క ఆల్ప్రాజోలం కూడా ఇవ్వొద్దు. ఆయాసంతో ఉన్న మనిషికి అది శ్వాసను ఇంకా మందగింపజేస్తుంది.

చావు మాట వినిపిస్తే

పురుగుల మందు తాగి బతికిన మనిషిని గానీ, "బతికి ఏం లాభం" అన్న మనిషిని గానీ నేరుగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తుందా తమ్మీ?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకండి, నర్సుల టేబుల్‌కు దగ్గరి మంచానికి మార్చండి, డ్యూటీ డాక్టర్‌కు వెంటనే చెప్పండి, సైకియాట్రీ వాళ్లను పిలిపించండి. వీళ్ల గాబరాలో సగం పోలీసుల గురించి. మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలియజేసే కేసు) రాయడం తప్పదు. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఇలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలనీ, శిక్షించకూడదనీ చెబుతుంది. ఆ మాట ఇంటివాళ్లకూ వినిపించండి. "ఎందుకు చేసినవు? పిల్లల ముఖం చూడలేదా?" అని మందలించడం మన డ్యూటీలో లేదు. ఇంటికి పోయాక మాట్లాడటానికి టెలి మానస్ (మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వ ఫోన్ సాయం) నంబర్ 14416 రాసివ్వండి. అది ఉచితం, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు.

షిఫ్ట్ మారేటప్పుడు

"పేషెంట్ ఆందోళనగా ఉన్నారు" అని ఒక్క ముక్క రాస్తే తర్వాత వచ్చే నర్సుకు ఏమీ తెలియదు. ఇట్లా రాయండి, ఇట్లాగే నోటితో కూడా చెప్పండి: "రాత్రి 9కి గుండె దడ, వేళ్ల తిమ్మిర్లు అన్నారు. నాడి 112, శ్వాస 28, ఆక్సిజన్ 98, షుగర్ 124, ఈసీజీ డ్యూటీ డాక్టర్ చూశారు. హైదరాబాద్ పంపుతారేమోనని భయం, మరిది చావు కారణం. శ్వాస చేయించాను, 9.30కి నాడి 88, శ్వాస 18. కల్లు రోజుకు రెండు సీసాలు, చివరిసారి నిన్న సాయంత్రం, డాక్టర్‌కు చెప్పాను, వణుకు గమనించాలి. పొద్దున సర్జన్ గారు థియేటర్‌కు ముందు కొడుకుతో మాట్లాడాలి."

పోయే ముందు తర్వాతి నర్సును ఆ మంచం దగ్గరికి తీసుకెళ్లండి. "పెద్దమ్మా, నేను ఇంటికి పోతున్న. పొద్దటి దాకా ఈమె ఉంటది, నీ సంగతంత చెప్పిన" అని ఆమె వినేట్టు చెప్పండి. వార్డంతా తిప్పే తీరిక లేకపోతే, ఆ పూట బాగా గాబరాపడ్డ ఇద్దరు ముగ్గురి దగ్గరికైనా వెళ్లండి.